వద్దనే హక్కున్న మనిషి ఎదుట: ఏపీఎస్ ఉద్యోగుల ఆన్‌లైన్ శిక్షణ గురించి

అమెరికాలో పిల్లలను పెంచుతున్న తెలుగు కుటుంబాలలో సీపీఎస్ (చైల్డ్ ప్రొటెక్టివ్ సర్వీసెస్) అనే పేరు వినని వారు దాదాపు ఉండరు. పిల్లవాడి ఒంటి మీద దెబ్బ కనిపిస్తే బడిలో టీచరు ఫోను చేస్తారని, ఆ తర్వాత ఎవరో ఇంటికి వస్తారని కొత్తగా వచ్చిన వారికి పాతవారు ముందే చెప్పి ఉంచుతారు. అదే ఇంట్లో ఉన్న అమ్మమ్మకో, తాతయ్యకో, మంచం దిగలేని మేనమామకో అన్యాయం జరిగితే వచ్చే వ్యవస్థ మరొకటి ఉన్నదని తెలిసినవారు మాత్రం చాలా తక్కువ. దాని పేరు అడల్ట్ ప్రొటెక్టివ్ సర్వీసెస్. మేము ఏపీఎస్ అంటాము. నేను కాలిఫోర్నియాలోని ఒక కౌంటీలో చాలా కాలంగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట ఇళ్ళకు వెళ్ళే సోషల్ వర్కర్‌గా చేశాను, ఇప్పుడు కొత్తగా చేరినవారికి సూపర్‌వైజర్‌గా ఉన్నాను. ఆ కొత్తవారికి మేమిస్తున్న శిక్షణ ఇప్పుడు చాలావరకు కంప్యూటర్ తెర మీదికి మారిపోయింది. ఆ మార్పులో ఏది నిలుపుకోవాలో, దేనికి ఒప్పుకోకూడదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. గోప్యత నియమాల వల్ల ఏ ఒక్కరి కేసు వివరాలూ ఇందులో ఉండవు.

పేర్లు ఒకలాగే వినిపించినా సీపీఎస్ పనికీ మా పనికీ మూలంలోనే తేడా ఉన్నది. పసివాడి విషయంలో ప్రభుత్వం అవసరమైతే కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని తల్లిదండ్రుల స్థానంలో నిలబడగలదు. పెద్దవారి విషయంలో అలా కుదరదు. కాలిఫోర్నియా ప్రొబేట్ కోడ్ ప్రకారం ప్రతి మనిషికీ తన నిర్ణయాలు తాను తీసుకునే సామర్థ్యం ఉన్నదనే భావనతోనే ఎవరైనా మొదలుపెట్టాలి, లేదని వాదించేవారే దానిని రుజువు చేయాలి. అందువల్ల ఎనభై దాటిన ఒక పెద్దాయన, కొడుకు తన డబ్బు వాడేసుకుంటున్నాడని తెలిసి కూడా, "వాడు నా కొడుకు, ఆ డబ్బు నాది, మీరిక వెళ్ళండి" అంటే, ఆయన మాటను గౌరవించడం మా వృత్తిధర్మం. నేరం జరిగినట్లు కనిపిస్తే పోలీసులకు తెలియజేసే బాధ్యత మాకు ఉంటుంది. కానీ సేవలు తీసుకొమ్మని ఆయనను బలవంతపెట్టే అధికారం మాకు లేదు. ఆయన చెప్పిన 'వద్దు' అనే మాట స్వేచ్ఛగా వచ్చిందా, భయం వల్ల వచ్చిందా, లేక మతిమరుపు ముదిరి పరిస్థితి అర్థం కాకపోవడం వల్ల వచ్చిందా అన్నది గుమ్మంలో నిలబడి, దొరికిన అరగంటలో తేల్చుకోవడమే ఈ ఉద్యోగంలోని అసలు కష్టం.

ఈ వ్యవస్థ ఒక్కసారిగా, ఒక్క చట్టంతో పుట్టలేదు. 1970ల మధ్యలో సోషల్ సెక్యూరిటీ చట్టంలో టైటిల్ 20 అనే భాగం వచ్చాక రాష్ట్రాలకు ఈ పని మీద ఖర్చు పెట్టుకునే వీలు కలిగింది. ఆ తర్వాత ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన చట్టం, తన నిర్వచనాలు, తన వయోపరిమితి పెట్టుకున్నది. కాలిఫోర్నియాలోనే 2022 జనవరి 1కి ముందు 65 ఏళ్ళు నిండిన వారిని వృద్ధులుగా లెక్కించేవారు, ఆ రోజు నుంచి 60 నిండినవారిని లెక్కిస్తున్నారు. వైకల్యం వల్ల ఇతరుల మీద ఆధారపడిన పెద్దవారైతే 18 ఏళ్ళ నుంచే మా పరిధిలోకి వస్తారు. దేశం మొత్తానికి వర్తించే ఎల్డర్ జస్టిస్ చట్టం 2010లో వచ్చింది. ఏపీఎస్ ఎలా నడవాలో చెప్పే మొదటి కేంద్ర నిబంధనలు వెలువడినది 2024 మే 8న. ఉద్యోగుల శిక్షణ, ఆ తర్వాతి నిరంతర విద్య, పర్యవేక్షణ గురించి ప్రతి రాష్ట్రమూ లిఖితపూర్వకమైన విధానాలు ఏర్పరచుకోవాలని ఆ నిబంధనలు కోరుతున్నాయి. అమలుకు గడువు 2028 మే 8. అంటే ఆ విధానాల వాక్యాలు ఇప్పుడే రాయబడుతున్నాయి. ఒకసారి కాగితం మీదికి ఎక్కిన మాటను మార్చడానికి ఏళ్ళు పడుతుంది కాబట్టి ఈ చర్చ ఇప్పుడే జరగాలని నా పట్టుదల.

శిక్షణలో ఏముంటుందో కొంత చెప్పాలి. ఏపీఎస్ ఉద్యోగుల జాతీయ సంఘం రూపొందించిన పాఠ్యక్రమంలో 23 ప్రాథమిక మాడ్యూళ్ళు ఉన్నాయి. వృత్తి విలువలు, వృద్ధాప్యంలో వచ్చే మార్పులు, మానసిక అనారోగ్యం, స్వీయ నిర్లక్ష్యం, ఆర్థిక దోపిడీ, శారీరక హింస, లైంగిక హింస, నిర్ణయ సామర్థ్యం, ప్రమాద అంచనా, కేసు నోట్సు రాయడం, కేసు ముగించడం, ఇలా సాగుతాయి. కాలిఫోర్నియాలో ఈ శిక్షణ బాధ్యతను ముఖ్యంగా శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీకి చెందిన అకాడమీ ఫర్ ప్రొఫెషనల్ ఎక్సలెన్స్ చూస్తుంది. 2020 మార్చికి ముందు ఇందులో గణనీయమైన భాగం తరగతి గదులలోనే జరిగేది. కోవిడ్‌తో అది జూమ్‌లోకి మారింది. ఎవరికి వారు చదువుకుని క్లిక్ చేసుకుంటూ పోయే ఈ-లెర్నింగ్ పాఠాలు అంతకు ముందు నుంచే ఉన్నా, వాటి మీద ఆధారపడటం కూడా ఆ తర్వాత బాగా పెరిగింది.

నాతో సమానమైన అనుభవం ఉన్నవారిలో కొందరు అంతా మళ్ళీ తరగతి గదికే వెళ్ళాలంటారు. నేను ఒప్పుకోను. కాలిఫోర్నియాలో 58 కౌంటీలు ఉన్నాయి, ఏపీఎస్‌ను నడిపేది కౌంటీలే. లాస్ ఏంజిలస్ కౌంటీలో దాదాపు కోటి మంది ఉంటే, సియెరా కొండల్లోని ఆల్పైన్ కౌంటీలో 2020 జనాభా లెక్కల ప్రకారం 1,204 మంది ఉన్నారు. అటువంటి చిన్న చోట వృద్ధుల కేసులు చూసే మనిషి తరచుగా ఇతర సేవల బాధ్యత కూడా మోస్తుంటారు. వారిని వరుసగా కొన్ని రోజులు శిక్షణకు పంపితే ఆ రోజుల్లో ఫోనుకు జవాబు చెప్పేవారు కరువవుతారు. పెద్ద కౌంటీలలోనూ దూరం తక్కువేమీ కాదు. శాన్ బెర్నార్డినో కౌంటీ కేంద్రం నుంచి అదే కౌంటీ తూర్పు అంచున, కొలరాడో నది ఒడ్డున ఉన్న నీడిల్స్ ఊరికి 200 మైళ్ళకు పైగా ఎడారి దారి. ఆన్‌లైన్ శిక్షణ రాకముందు ఇటువంటి చోట్ల పనిచేసేవారు తరగతి ఎప్పుడు పెడతారా అని ఎదురుచూస్తూ, శిక్షణ లేకుండానే ఇళ్ళకు వెళ్ళిన సందర్భాలు ఉండేవి. వారి చేతికి చట్టం, లక్షణాలు, పద్ధతి మొదటి వారంలోనే అందేటట్లు చేసినది ఇంటర్నెట్టే. దానిని వెనక్కు తీసుకోమనడం ఊళ్ళకు దూరంగా ఉన్న వృద్ధులకు అన్యాయం చేయడమే అవుతుంది.

అయితే మాకు కావలసిన జ్ఞానం ఒకే రకమైనది కాదు. ఎవరు తప్పనిసరిగా ఫిర్యాదు చేయవలసినవారు, బ్యాంకు ఉద్యోగికి ఏ బాధ్యత ఉన్నది, ఒత్తిడి పుండుకు ఎన్ని దశలుంటాయి, పవర్ ఆఫ్ అటార్నీకీ (మనిషి తానే మరొకరికి ఇచ్చే అధికారం) కన్సర్వేటర్‌షిప్‌కూ (కోర్టు మరొకరికి అప్పగించే అధికారం) తేడా ఏమిటి, ఇవన్నీ చదివి తెలుసుకోదగినవి. ఒకరు రాత్రి పూట, మరొకరు పగటి పూట, తమకు తోచిన వేగంతో, రెండుసార్లు వెనక్కు వెళ్ళి చదువుకోవచ్చు. నా అభిప్రాయంలో వీటికి ఈ-లెర్నింగ్ తరగతి గది కంటే మేలైనది, ఎందుకంటే తరగతిలో అర్థం కాకపోయినా తల ఊపేవారు ఎక్కువ. రెండవ రకం అటువంటిది కాదు. ఎదుటి మనిషి తలుపు సగమే తెరిచినప్పుడు ఏమనాలి, ఆమె మాట మధ్యలో ఆగి లోపలి గది వైపు చూసినప్పుడు దానిని ఎలా అర్థం చేసుకోవాలి, వద్దన్న వారితో తలుపు పూర్తిగా మూతపడకుండా ఎలా సెలవు తీసుకోవాలి అన్నవి నోటితో పలికి, తడబడి, మరొకరు వినిపించుకుని దిద్దితే తప్ప రావు. నాలుగు జవాబులలో ఒకటి ఎంచుకోమనే ప్రశ్నలో ఇవి ఇమడవు.

ఒక ఉదాహరణ చెబుతాను. ఏపీఎస్‌కు వచ్చే ఫిర్యాదులలో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇతరులు చేసే హింస కాదు, స్వీయ నిర్లక్ష్యం. అంటే మనిషి తన తిండి, మందులు, ఇల్లు, శుభ్రత తానే చూసుకోలేని స్థితికి రావడం. కరెంటు లేని ఇంట్లో, కాగితాల కట్టల మధ్య సన్నని దారి మాత్రమే మిగిలిన గదిలో, ఒంటరిగా ఉన్న మనిషి "నేను బాగానే ఉన్నాను" అంటారు. ఆ మాటను తూచడానికి మాకు ఉన్న సాధనాలలో ఇంటర్వ్యూ ఫర్ డెసిషనల్ ఎబిలిటీస్ అనేది ఒకటి, మేము ఐడీఏ అంటాము. అందులో మొదట, ఇటువంటి ఇబ్బంది వల్ల సాధారణంగా మనుషులకు ఏమి జరగవచ్చో చెప్పమంటాము. తర్వాత, అది మీకు కూడా జరగవచ్చునని అనుకుంటున్నారా అని అడుగుతాము. చివరికి, ఉన్న మార్గాలలో దేనిని ఎంచుకుంటారు, ఎందుకు, దాని వల్ల ఏమవుతుంది అని మాట్లాడిస్తాము. ప్రమాదం తెలుసా, అది తనదేనని ఒప్పుకుంటున్నారా, ఆలోచించి ఎంచుకుంటున్నారా అన్న మూడు మెట్లూ విడివిడిగా తెలుస్తాయి. మొదటి మెట్టు బాగా ఎక్కి రెండవ దాని దగ్గర ఆగిపోయే వారు చాలామంది. "పడితే తుంటి విరుగుతుంది, నిజమే, కానీ నేను పడను" అంటారు. ఇది సామర్థ్యం లేకపోవడమా, లేక మనందరిలో ఉండే మొండి ధైర్యమా?

ఈ పద్ధతిని కాగితం మీద నేర్పడం చాలా తేలిక, ఒక్క పేజీ చాలు. ఆచరణలో కొత్తవారు మొదటి జవాబు రాగానే తృప్తిపడి రెండవ మెట్టు మరిచిపోతారు, లేదా మూడు ప్రశ్నలనూ పోలీసు విచారణలా గుప్పిస్తారు. దీనికి మందు సాధన ఒక్కటే, ఆ సాధన తెర మీద కూడా చక్కగా జరుగుతుంది. జూమ్‌లో ముగ్గురేసి మనుషులను ఒక చిన్న గదిలో పెట్టి, ఒకరు ఇంటి మనిషి, ఒకరు వర్కర్, మూడవవారు కేవలం గమనించేవారు అనుకుని పాత్రలు మార్చుకుంటూ చేయించిన శిక్షణ నేను చూశాను. తీరప్రాంతపు కౌంటీ మనిషి, ఎడారి కౌంటీ మనిషి, కొండల్లోని మనిషి ఒకే గదిలో కలవడం పాత రోజుల్లో సాధ్యమయ్యేది కాదు. ఒకరి దగ్గర వృద్ధుల ఆసుపత్రి పది నిమిషాల దూరం, మరొకరి దగ్గర అది ఒక పగటి ప్రయాణం. అదే కేసుకు ఇద్దరి ప్రణాళికలు వేరుగా ఉండక తప్పదని వారికి ఆ సంభాషణలోనే తెలిసి వస్తుంది. నేను వ్యతిరేకించేది తెరను కాదు, ఎదురుగా మనిషే లేని శిక్షణను.

అలాంటి శిక్షణకు కొలత 'కంప్లీషన్ రిపోర్టు'. ఎవరు ఎన్ని మాడ్యూళ్ళు పూర్తిచేశారో, ఎంత శాతం మార్కులు వచ్చాయో ఒక పట్టిక వస్తుంది, దానిలో అందరి పేర్ల పక్కనా ఆకుపచ్చ గుర్తు ఉంటే శిక్షణ జరిగినట్లు. ఆ గుర్తు వెనుక ఏమి జరుగుతున్నదో సూపర్‌వైజర్లందరికీ తెలుసు. ఒక తెర మీద ఆర్థిక దోపిడీ పాఠం నడుస్తుంటే మరొక తెర మీద కేసు నోట్సు నిండుతుంటాయి, మధ్యలో ఫోను మోగుతుంది, ఆసుపత్రి నుంచి ఎవరినో ఇంటికి పంపుతున్నారని కబురు వస్తుంది. అది ఆ వర్కర్ దోషం కాదు. తరగతికి ఊరు దాటి వెళ్ళినప్పుడు ఆ రోజు అతని కేసులు మరొకరు చూసేవారు. ఆన్‌లైన్ అయ్యేసరికి అతడు కుర్చీలోనే ఉన్నాడు కదా అనే ధోరణి వచ్చింది. ప్రయాణపు ఖర్చు మిగిలింది, కానీ దానితో పాటు నేర్చుకోవడానికి కేటాయించిన సమయం కూడా కనిపించకుండా పోయింది. సిబ్బంది చాలనప్పుడు ఆ సమయం ఎక్కడి నుంచి తెస్తామని అధికారులు అడుగుతారు. వారి ఇబ్బంది కల్పితమేమీ కాదు. అయినా శిక్షణ సరిగా అందని వర్కర్ తొందరపడి మూసిన కేసు మళ్ళీ ఫిర్యాదుగా తిరిగి వస్తుంది, అప్పటికి ఆ ఇంటి పరిస్థితి మరింత చేయి దాటి ఉంటుంది. ఆ రెండవ రాకకు పట్టే సమయాన్ని ఎవరూ శిక్షణ ఖాతాలో లెక్క వేయరు.

తెర మీది శిక్షణలో నాకు బాగా బాధ కలిగించే సంగతి మరొకటి ఉన్నది. మా పాఠాలలో గాయాల ఫోటోలు ఉంటాయి, నెలల తరబడి మంచం మీదే వదిలేసిన మనుషుల వివరాలు ఉంటాయి. తరగతి గదిలో అవి చూసినప్పుడు పక్కవారి ముఖం కనిపించేది, విరామంలో వరండాలో నిలబడి నాలుగు మాటలు అనుకునేవారు, బోధించేవారు ఎవరి కళ్ళు చెమర్చాయో గమనించి పలకరించేవారు. ఇంట్లో వంటగది బల్ల దగ్గర కూర్చుని అదే పాఠం పూర్తిచేసిన అమ్మాయి 'నెక్స్ట్' నొక్కి, తెర మూసి, పిల్లలకు అన్నం పెట్టడానికి లేస్తుంది. ఇటువంటి మాడ్యూళ్ళను ఒంటరిగా చేయించకూడదని, చేసిన రోజే సూపర్‌వైజర్ ఆమెతో మాట్లాడి తీరాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ ఉద్యోగంలో మనుషులు నిలవకపోవడానికి పనిభారం ఒక్కటే కారణమని నేననుకోను.

ఇక మన ఇళ్ళ సంగతి. ఫ్రీమాంట్, డబ్లిన్, శాన్ రామోన్ వంటి ఊళ్ళలో మనుమల కోసం వచ్చి, గ్రీన్ కార్డు తీసుకుని, ఇక్కడే ఉండిపోయిన తెలుగు తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వారిలో అత్యధికులు ప్రేమగా, గౌరవంగా చూసుకునే పిల్లల దగ్గరే ఉన్నారు. కానీ కారు నడపరు, ఫోను కొడుకు ప్లానులో ఉంటుంది, బ్యాంకు ఖాతాలో రెండవ పేరు కూడా అతనిదే, డాక్టరు గదిలో వారి తరఫున మాట్లాడేది కోడలు. సంబంధం చెడిన ఇంట్లో ఇదే అమరిక మనిషిని పూర్తిగా మూసేస్తుంది. ఊరి నుంచి వచ్చిన వారిలో కొందరికి భారతదేశంలోని 2007 నాటి తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం తెలుసు. ఆర్డీఓ దగ్గరి ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకుంటే పిల్లల చేత నెలకు ఇంత ఇప్పిస్తారని, చూసుకుంటామనే షరతు మీద రాయించుకున్న గిఫ్ట్ డీడు చూసుకోనప్పుడు చెల్లదనిపించవచ్చని విని ఉంటారు. కాబట్టి ఏపీఎస్ నుంచి మనిషి వస్తే కొడుకును మందలించి ఉత్తర్వు ఇచ్చే అధికారి వచ్చాడని ఆశపడతారు, లేదా కొడుకును జైల్లో పెడతాడేమోనని హడలిపోతారు. మేము ఆ రెండూ కాదని చెప్పడమే మొదటి పని.

ఆ మాట చెప్పేది ఎవరి నోటితో? కుటుంబ సభ్యులను ఇంటర్‌ప్రెటర్లుగా వాడకూడదన్నది మా నియమం, ఎందుకంటే మాట తిప్పి చెప్పేవారే ఆ ఫిర్యాదులో ఉన్నవారు కావచ్చు. మాడ్యూల్ చివరి పరీక్షలో ఈ ప్రశ్నకు తప్పు జవాబు రాసినవారిని నేను ఇంతవరకు చూడలేదు. గుమ్మంలో సంగతి వేరు. కోడలు మర్యాదగా మంచినీళ్ళు తెస్తుంది, "అత్తయ్యకు ఇంగ్లీషు రాదు, నేను చెబుతాను" అంటుంది, ఫోను ఇంటర్‌ప్రెటర్ లైను ఇంకా కలవదు, పెద్దావిడ కోడలి వైపే చూస్తుంటుంది. అప్పుడు కొడుకునూ కోడలినీ పక్క గదికి వెళ్ళమనాలి. మన ఇళ్ళలో ఆ మాటే ఒక అభియోగంలా వినిపిస్తుంది. వారిని నొప్పించకుండా, కానీ వెనక్కు తగ్గకుండా ఆ ఒక్క వాక్యం చెప్పగలగడం ఎన్నిసార్లో చెప్పి చూస్తే గాని రాదు.

ఒంటరిగా కూర్చున్నాక, ఏమి కావాలో చెప్పమంటే ఆమె "అబ్బాయి ఎలా అంటే అలా" అంటుంది. ఫోనులో ఇంటర్‌ప్రెటర్ దానిని ఇంగ్లీషులో చెబుతారు, వర్కర్ నోట్సులో 'కొడుకు నిర్ణయానికే వదిలేస్తున్నారు' అని రాసుకుంటాడు. కొందరు వర్కర్లు దీనిని బెదిరింపుకు గుర్తుగా తీసుకుంటారు, కొందరు మతిమరుపుగా, కొందరు 'వారి సంస్కృతి అంతే' అని సరిపెట్టుకుంటారు. ఈ మూడూ అడగవలసిన తర్వాతి ప్రశ్నను తప్పించుకోవడమే. జీవితమంతా ఇంటి నిర్ణయాలు నలుగురితో కలిసి తీసుకున్న మనిషి ఆ మాట తెలిసి, ఇష్టపడి అనవచ్చు. పోవడానికి మరో చోటు లేదనుకునే మనిషి కూడా సరిగ్గా అదే మాట అంటుంది. "అబ్బాయి ఇలా అన్నాడనుకోండి, అప్పుడు మీకు ఎలా ఉంటుంది? అది కాక మరో దారి ఉంటే ఏది బాగుంటుంది?" అని ఐడీఏ మెట్లలో ఓపికగా పోతే ఆ ఇద్దరికీ తేడా బయటపడుతుంది. ఆ ఓపిక, ఫోనులో ప్రతి వాక్యానికీ రెట్టింపు సమయం పడుతున్నప్పుడు, మొదట పోతుంది. సాంస్కృతిక అవగాహన పేరుతో ఉన్న గంట పాఠంలో ఏ దేశం వారు ఎలా నమస్కరిస్తారో చెప్పడం కంటే, ఫోను ఇంటర్‌ప్రెటర్‌తో ఇరవై నిమిషాల సంభాషణ నడిపించడం వెయ్యి రెట్లు ఉపయోగకరమని నా అనుభవం చెబుతున్నది.

కాలిఫోర్నియా పాఠ్యక్రమంలో ఇప్పటికే మంచి ఏర్పాటు ఒకటి ఉన్నది. శిక్షణ అయ్యాక వర్కరూ సూపర్‌వైజరూ కలిసి కూర్చుని, నేర్చుకున్నదానిని నిజమైన కేసులో ఎలా వాడారో చర్చించే భాగం అది, దానిని ట్రాన్స్‌ఫర్ ఆఫ్ లెర్నింగ్ అంటారు. పని ఒత్తిడిలో అన్నిటికంటే ముందు వదిలేసేది కూడా దానినే, ఎందుకంటే దానికి మార్కులు లేవు, ఆకుపచ్చ గుర్తు లేదు. 2028 గడువు కోసం విధానాలు రాస్తున్నవారు ఈ భాగాన్ని ఐచ్ఛికంగా కాక తప్పనిసరిగా రాయాలి. చట్టం, లక్షణాలు, పద్ధతులు ఎవరి వేగంతో వారు ఆన్‌లైన్‌లో చదువుకోనివ్వండి. నిర్ణయ సామర్థ్యం, ఇంటర్వ్యూ, ప్రమాద అంచనా, వద్దన్నవారితో కేసు ముగించడం అనే వాటిని మాత్రం ప్రత్యక్షంగా మనుషులుండే శిక్షణగానే లెక్కించండి, అది జూమ్‌లోనైనా సరే. ఆ గంటలలో ఆ వర్కర్‌కు కొత్త కేసు ఇవ్వకూడదని కూడా అదే పేజీలో రాయండి. మొదటి కొన్ని హోమ్ విజిట్లకు అనుభవజ్ఞులు తోడు వెళ్ళిన తర్వాతే శిక్షణ పూర్తయినట్లు లెక్కించండి.

దీనితో పాటు, ఇప్పటివరకు ఎవరూ గట్టిగా అడగని ఒక కోరిక నాకు ఉన్నది. ఫోనులో మాట తిప్పి చెప్పే ఇంటర్‌ప్రెటర్లు ఆసుపత్రి అపాయింట్‌మెంటు నుంచి కారు బీమా వరకు అన్నీ చేస్తుంటారు. మా ఫోను ఎత్తినప్పుడు తాము విననున్నది ఒక తల్లి కొడుకు గురించి చెప్పే మాట అని వారికి తెలియదు. ఆమె గౌరవం కాపాడాలనే మంచి మనసుతో మాటను మెత్తబరుస్తారు, తడబాటును సరిచేసి చెబుతారు, మౌనాన్ని పూరిస్తారు. మాకు ఆ తడబాటు, ఆ మౌనమే కావాలి. కాబట్టి మా జూమ్ సాధన తరగతులలోకి తెలుగు, పంజాబీ, వియత్నామీస్, స్పానిష్ ఇంటర్‌ప్రెటర్లను కూడా పిలిచి, వారి గంటలకు డబ్బు చెల్లించి, మా వర్కర్లతో కలిపి శిక్షణ ఇవ్వాలి. వారున్నది ఏ ఊరైనా ఆ గదిలోకి రావడానికి ఒక లింకు చాలు. వచ్చే విడత తరగతులకు మా కౌంటీలో ఈ ప్రతిపాదన పెట్టాను. మీ కౌంటీలో వృద్ధుల సలహా మండలి సమావేశాలు జరుగుతుంటే, అక్కడ మాట్లాడే అవకాశం ఉంటే, ఈ ఒక్క విషయం మీరు కూడా అడగండి.